ఏ దేశానికి ఏ న్యాయ సహాయం? సలహాదారుగా వెళ్లేవారికి నమూనాల పోలిక

న్యాయ సహాయ రంగంలో సలహాదారుకు అప్పగించే పని చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది. పేదలకు ఉచిత న్యాయ సహాయం ఇప్పుడు ఎలా అందుతోందో చూసి, తగిన నమూనాను సిఫారసు చేయాలి. పని ఇచ్చేది ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కావచ్చు, ఒక దాత దేశపు సహాయ సంస్థ కావచ్చు, ఆ దేశపు న్యాయ శాఖే కావచ్చు. ఇంగ్లండు నుంచి వచ్చిన నిపుణుడు ప్రైవేటు న్యాయవాదుల జాబితా, అంటే ప్యానెల్, పెట్టమంటాడు. అమెరికా నుంచి వచ్చినవాడు ప్రభుత్వ జీతం మీద నిందితుల తరఫున వాదించే పబ్లిక్ డిఫెండర్లు కావాలంటాడు. భారతీయ న్యాయవాది అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, లోక్ అదాలత్ అంటాడు. ముగ్గురూ తమకు అలవాటైనదాన్నే చెబుతున్నారు. ఎవరి నివేదికలోనూ అబద్ధం ఉండదు, కానీ అందులో సగం ఆ దేశానికి పనికిరాదు.

ఈ విషయంలో అంతర్జాతీయ చట్టం మీద ఆధారపడి లాభం లేదు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోని 14వ అధికరణం, నేరారోపణ ఎదుర్కొంటున్నవారికి స్తోమత లేకపోతే, న్యాయం దృష్ట్యా అవసరమైన కేసుల్లో, డబ్బు తీసుకోకుండా న్యాయవాదిని ఇవ్వాలంటుంది. 2012 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ క్రిమినల్ కేసుల్లో న్యాయ సహాయంపై ప్రత్యేకంగా సూత్రాలు, మార్గదర్శకాలు ఆమోదించింది. వాటి ప్రకారం పబ్లిక్ డిఫెండర్లు, ప్రైవేటు న్యాయవాదులు, ఒప్పంద న్యాయవాదులు, బార్ అసోసియేషన్లు, పారాలీగల్స్ (న్యాయవాదులు కాకపోయినా చట్టంలో శిక్షణ పొంది సాయపడేవారు), అందరూ ఆమోదయోగ్యులే. ఎవరిని ఎంచుకోవాలన్నది ఆ దేశానికే వదిలేశారు. పైగా అవి క్రిమినల్ వ్యవహారాలకే పరిమితం. భూమి తగాదా, భరణం, ఇల్లు ఖాళీ చేయించడం లాంటివి ఆ పత్రం పరిధిలోకి రావు. నిజానికి ఎక్కువమంది పేదలు న్యాయం కోసం తిరిగేది వీటి కోసమే.

ఎంచుకునే ముందు అడగాల్సినవి

సాయం అవసరమైన గడియలో ఆ మనిషి ఎక్కడున్నాడు? నా దృష్టిలో అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇదే. టర్కీకి చెందిన సల్దుజ్ కేసులో 17 ఏళ్ల కుర్రాడు న్యాయవాది లేకుండానే పోలీసుల ముందు వాంగ్మూలం ఇచ్చాడు. తర్వాత కాదన్నా ఆ వాంగ్మూలమే శిక్షకు ఆధారమైంది. పోలీసుల తొలి విచారణ నుంచే న్యాయవాది అందుబాటులో ఉండాలని 2008లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తేల్చింది. ఠాణాలో నోరు జారిన మాటను కోర్టులో ఎంత గొప్ప న్యాయవాదీ వెనక్కి తేలేడు. మొదటి వాయిదా రోజున మాత్రమే మేలుకొనే వ్యవస్థ, దానికి ఏ పేరు పెట్టినా, అప్పటికే ఆలస్యమైపోయినట్టే.

జపాన్ దీనికి మంచి ఉదాహరణ. అక్కడ అరెస్టు తర్వాత నిర్బంధ ఉత్తర్వు వచ్చేలోగా మూడు రోజుల దాకా గడిచిపోవచ్చు. ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాది వచ్చేది ఆ ఉత్తర్వు తర్వాతే. మధ్యలో ఉన్న ఆ ఖాళీని పూడ్చింది చట్టం కాదు, బార్ అసోసియేషన్లు. 1990లో ఒయితాలో మొదలైన డ్యూటీ న్యాయవాది పద్ధతిలో, కబురు పెడితే వంతు ప్రకారం ఒక న్యాయవాది వచ్చి ఒకసారి ఉచితంగా కలుస్తాడు. 2018 నుంచి నిర్బంధ ఉత్తర్వు ఉన్న అనుమానితులందరికీ ప్రభుత్వ న్యాయవాది దొరుకుతున్నా, మొదటి రోజుల్లో ఈ డ్యూటీ పద్ధతే దిక్కు. చట్టం చదివి మాత్రమే నివేదిక రాసే సలహాదారుకు ఈ ఖాళీ కనిపించదు. అరెస్టయిన గంట నుంచి ఎవరు ఎప్పుడు వస్తారో వరసగా కాగితం మీద గీసుకుంటేనే కనిపిస్తుంది.

రెండోది, న్యాయవాదులు ఎంతమంది, ఎక్కడున్నారు? దేశం మొత్తం లెక్క చూసి మోసపోకూడదు. సియెర్రా లియోన్‌లో న్యాయవాదుల్లో అత్యధికులు రాజధాని ఫ్రీటౌన్‌లోనే ఉంటారు. పల్లెల్లో నడిచేది ఎక్కువగా పెద్దల తీర్పు, ఆచార చట్టం. అలాంటి చోట ప్యానెల్ పెడితే రాజధానిలోనే పేర్లు నిండుతాయి. పల్లెకు మిగిలేది చట్టంలోని అక్షరాలే.

మూడోది డబ్బు. మొదటి ఏడాది డబ్బు గురించి అందరూ మాట్లాడతారు, దాత ఉంటాడు కాబట్టి. నాలుగో ఏడాది బడ్జెట్ ఏ పద్దు కింద వస్తుందో ఆర్థిక శాఖ అధికారిని అడిగి, వచ్చిన జవాబును నివేదికలో రాయాలి. ఆయన జవాబు దాటవేస్తే దాన్నీ రాయాలి.

ప్యానెల్ న్యాయవాదులు

ప్రైవేటు న్యాయవాదులే కేసు చూస్తారు, ప్రభుత్వం ఫీజు చెల్లిస్తుంది. ఇంగ్లండులో 1949 చట్టంతో వచ్చిన వ్యవస్థ దీనికి పేరుపడ్డది. కొత్త కార్యాలయాలు కట్టక్కర్లేదు, వ్యవస్థ త్వరగా మొదలవుతుంది, కక్షిదారుకు తన న్యాయవాదిని ఎంచుకునే వీలుంటుంది. ప్రభుత్వ జీతగాడు కాదు కాబట్టి ప్రభుత్వంపైనే వాదించడానికి జంకడు.

బలహీనత బిల్లు దగ్గర ఉంది. దక్షిణాఫ్రికాలో 1994 తర్వాత హక్కులు విస్తరించాయి. 1996 రాజ్యాంగం నిందితులకు ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని హామీ ఇచ్చింది. అప్పటి న్యాయ సహాయ బోర్డు కేసు కేసుకూ ప్రైవేటు న్యాయవాదులకు చెల్లించే పద్ధతిలో ఉండేది. కేసులు పెరిగాయి, బకాయిలు పేరుకున్నాయి, బిల్లులు పరిశీలించే యంత్రాంగం చాలలేదు. చివరికి జీతం మీద పనిచేసే న్యాయవాదులతో న్యాయ కేంద్రాలు తెరవడం వైపు మళ్లారు. ప్యానెల్‌ను పూర్తిగా వదల్లేదు, కేంద్రాలు చూడలేని కేసుల కోసం ఉంచుకున్నారు.

ఇంగ్లండులో దెబ్బ మరో వైపు నుంచి తగిలింది. ఖర్చు తగ్గించాలని 2012లో చేసిన చట్టం 2013 ఏప్రిల్ నుంచి అమలై, కుటుంబ తగాదాలు, అప్పులు, సంక్షేమ భత్యాలకు సంబంధించిన కేసుల్లో చాలావాటిని న్యాయ సహాయం పరిధి నుంచి తీసేసింది. ఫీజులు గిట్టుబాటు కాక క్రిమినల్ కేసుల బారిస్టర్లు 2022లో నిరవధికంగా కోర్టులు బహిష్కరించారు. 15 శాతం పెంపుకు ఒప్పుకొని అక్టోబరులో విధుల్లో చేరారు. ప్యానెల్ నమూనా ఎంచుకుంటే ఫీజు రేటు ప్రతి బడ్జెట్‌లోనూ ఒక బేరంగా మారుతుంది. మంత్రికి ఈ సంగతి ముందే చెప్పడం సలహాదారు ధర్మం.

ఫీజును తక్కువ ధరకు గుత్తకు ఇచ్చేస్తే ఏమవుతుందో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో బయటపడింది. మౌంట్ వెర్నన్, బర్లింగ్టన్ అనే రెండు చిన్న పట్టణాలు తమ చిన్న నేరాల కేసులన్నీ ఇద్దరు న్యాయవాదులకు ఒప్పందం మీద అప్పగించాయి. ఒక్కొక్కరూ ఏడాదికి సుమారు వెయ్యి కేసులు ముగించారు. చాలా కేసులకు వెచ్చించింది గంటలోపే. ఇది రాజ్యాంగం ఇచ్చిన న్యాయవాది హక్కు కాదని 2013లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసుల్లో ముద్దాయి పక్కన న్యాయవాది నిలబడే ఉన్నాడు, రికార్డులోనూ న్యాయ సహాయం అందినట్టే ఉంది. అందుకే ఎంతమందికి న్యాయవాదిని ఇచ్చారన్న లెక్క ఒక్కటే చూపించే వార్షిక నివేదికను నేను నమ్మను.

ఊరూరా తగినంత మంది న్యాయవాదులుండి, బిల్లులు తనిఖీ చేసే సమర్థమైన కార్యాలయం ఉన్న దేశానికైతే ప్యానెల్ సరిపోతుంది. ఈ రెండిట్లో ఏ ఒక్కటి లేకున్నా వద్దు.

జీతం మీద పనిచేసే పబ్లిక్ డిఫెండర్లు

అమెరికాలో మొదటి పబ్లిక్ డిఫెండర్ కార్యాలయం 1914లో లాస్ ఏంజెలిస్‌లో తెరిచారు. స్తోమత లేని నిందితుడికి ప్రభుత్వమే న్యాయవాదిని ఇవ్వాలని 1963లో గిడియన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఇలాంటి కార్యాలయాలు దేశమంతా పెరిగాయి. బ్రెజిల్ తన 1988 రాజ్యాంగంలోనే ఈ సంస్థను ప్రతిష్ఠించింది. 2014లో చేసిన సవరణ ఎనిమిదేళ్లలో ప్రతి న్యాయ విభాగంలోనూ డిఫెండర్ ఉండాలంది. గడువు దాటినా అన్ని చోట్లకూ చేరలేదు. రాజ్యాంగంలో రాయడానికీ, మారుమూల కోర్టులో ఒక మనిషిని కూర్చోబెట్టడానికీ మధ్య దూరం ఎంతో తెలుసుకోవాలంటే బ్రెజిల్‌ను చూస్తే చాలు.

ప్యానెలా, డిఫెండరా అన్న వాదన వచ్చినప్పుడల్లా నేను చూపించేది స్కాట్లండ్. 1998లో ఎడిన్‌బరోలో ప్రయోగాత్మకంగా డిఫెండర్ కార్యాలయం తెరిచారు. పోలిక నిజాయితీగా ఉండాలంటే కక్షిదారులు తమ ఇష్టంతో అటో ఇటో పోకూడదు కదా! అందుకని జనవరి, ఫిబ్రవరి నెలల్లో పుట్టిన నిందితులు న్యాయ సహాయం కావాలంటే డిఫెండర్ కార్యాలయానికే వెళ్లాలని నియమం పెట్టారు. మిగిలిన నెలలవారు మామూలుగా ప్రైవేటు న్యాయవాది దగ్గరికి వెళ్లవచ్చు. పుట్టిన నెలను బట్టి న్యాయవాదిని కేటాయించడం వినడానికి విడ్డూరంగా ఉంటుంది, కక్షిదారులకూ నచ్చలేదు. అయితే ఈ రంగంలో ఇంత శుభ్రమైన పోలిక అరుదు. డిఫెండర్ల కక్షిదారులు నేరం ఒప్పుకునే పనైతే ముందుగానే ఒప్పుకున్నారు, కేసులు త్వరగా తెమిలాయి, కోర్టు చుట్టూ తిరగడం తగ్గింది. మరోపక్క శిక్ష పడినవారి వాటా కొంచెం ఎక్కువగా తేలింది. త్వరగా తేలడం మంచిదా, చివరిదాకా పోరాడటం మంచిదా? దానికి జవాబు గణాంకాల్లో దొరకదు. ఆ దేశంలో విచారణ ఖైదీ ఎన్ని నెలలు జైల్లో మగ్గుతాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

డిఫెండర్లు చవక అన్న నమ్మకం కూడా అన్నిచోట్లా నిలవలేదు. 2001లో ఇంగ్లండు కొన్ని పట్టణాల్లో ఇలాంటి కార్యాలయాలు తెరిచి పరిశీలిస్తే, పని నాణ్యత బాగుంది కానీ ఖర్చు ప్రైవేటు న్యాయవాదులకంటే ఎక్కువైంది. కేసులు తక్కువగా ఉన్న ఊళ్లో జీతాలు, అద్దె మాత్రం నెల నెలా తప్పవు. కేసులు దట్టంగా వచ్చే నగర కోర్టుల్లోనే జీతం నమూనా లెక్క కుదురుతుంది.

కేసులు మరీ దట్టమైతే ఇంకో జబ్బు. ఒక డిఫెండర్ ఏడాదికి 150 పెద్ద నేరాల కేసులు, లేదా 400 చిన్న కేసులు మించి చూడకూడదని అమెరికాలో 1973లోనే ఒక జాతీయ కమిషన్ చెప్పింది. అదీ చాలా ఎక్కువేనని 2023లో వెలువడిన అధ్యయనం తేల్చింది. పరిమితి దాటితే కొత్త కేసు వద్దనే అధికారం కార్యాలయాధిపతికి చట్టంలోనే ఇవ్వాలి. ఈ ఒక్క వాక్యం ముసాయిదాలో చేర్పించగలిగితే ఆ సలహాదారు ఫీజు న్యాయమైనదే. ఇంకొక వాక్యం, డిఫెండర్ కార్యాలయం ప్రాసిక్యూషన్‌ను నడిపే మంత్రిత్వ శాఖ కింద ఉండకూడదు. స్వతంత్ర బోర్డు కిందే ఉండాలి. మంత్రిత్వ శాఖలు దీన్ని ఇష్టపడవు.

భారతదేశం కూడా 2022 నుంచి ఇటు అడుగు వేసింది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద నడుస్తున్న ప్యానెల్ పద్ధతికి తోడుగా, ప్రైవేటు కేసులు చూడకుండా పూర్తికాలం క్రిమినల్ కేసులే చూసే డిఫెన్స్ కౌన్సెల్ (నిందితుల తరఫు న్యాయవాదుల) కార్యాలయాలను జిల్లాల్లో తెరిచారు. చిలీ ఇంకో దారి పట్టింది. 2001లో డిఫెండర్ సంస్థను ఏర్పాటుచేసి, కొన్ని కేసులు సొంత న్యాయవాదులతో చూస్తూ మిగిలినవి టెండర్ ద్వారా ప్రైవేటు న్యాయవాదులకు ఇస్తోంది. చిలీలో నాకు నచ్చేది, రెండు వర్గాలనూ తనిఖీ చేసే యంత్రాంగం ఒకే సంస్థలో ఉండటం.

పారాలీగల్స్

న్యాయవాదులు కొరవడిన దేశాలకు ముందుగా చూడాల్సింది ఇదేనని నా అభిప్రాయం. బార్ అసోసియేషన్లు మాత్రం దీన్నే అన్నిటికన్నా ఆఖర్న ఒప్పుకుంటాయి.

మలావీలో 2000లో మొదలైన పద్ధతి చూడండి. శిక్షణ పొందిన పారాలీగల్స్ జైలు అధికారులతో రాతపూర్వకంగా ప్రవర్తన నియమావళి ఒప్పుకొని లోపలికి వెళ్తారు. విచారణ ఖైదీలను గుంపుగా కూర్చోబెట్టి, ఒకరిని మేజిస్ట్రేటుగా, ఒకరిని పోలీసుగా, ఒకరిని ముద్దాయిగా నిలబెట్టి కోర్టు నాటకం ఆడిస్తారు. బెయిల్ ఎలా అడగాలో, ఏ మాట అంటే ఏమవుతుందో ఖైదీ తన నోటితో పలికి నేర్చుకుంటాడు. మరోపక్క రిమాండు జాబితా ముందేసుకుని గడువు దాటినవారు, పిల్లలు, రోగులు ఎవరో విడదీసి ఆ పేర్లను కోర్టు దృష్టికి తెస్తారు. మేజిస్ట్రేట్లే జైలుకు వచ్చి అక్కడే కేసులు చూసే శిబిర కోర్టులకు ఈ జాబితాలే ఆధారం. పారాలీగల్ ఎవరి తరఫునా వాదించడు. ఈ సరిహద్దు స్పష్టంగా ఉండటం వల్లే జైలు గేటు తెరుచుకుంది. 2004లో లిలాంగ్వేలో ఆఫ్రికా దేశాల ప్రతినిధులు ఆమోదించిన ప్రకటన ఈ పద్ధతికి ఖండమంతటా గుర్తింపు తెచ్చింది.

సియెర్రా లియోన్‌లో 2003లో మొదలైన టిమాప్ సంస్థ జైలు బయట ఇదే పని చేసింది. భార్యను వదిలేసినవాడి నుంచి పిల్లల పోషణ ఇప్పించడం, గ్రామ పెద్ద వేసిన అన్యాయపు జరిమానాను ప్రశ్నించడం, ఇలాంటివి. వెనక కొద్దిమంది న్యాయవాదులుంటారు. మాటలతో తేలని కేసు వారి దగ్గరికి పోతుంది. అవతలి పక్షం బేరానికి దిగేది చాలాసార్లు ఆ న్యాయవాది వస్తాడన్న భయంతోనే. అది లేకపోతే పారాలీగల్ మాట మంచి మాటగానే మిగిలిపోతుంది. 2012లో ఆ దేశపు న్యాయ సహాయ చట్టం పారాలీగల్స్‌ను వ్యవస్థలో భాగంగా గుర్తించింది.

ఇబ్బంది ఎక్కడంటే జీతాల దగ్గరే. పారాలీగల్ కార్యక్రమాలు ఎక్కువగా దాతల డబ్బుతో పుడతాయి, ఆ ప్రాజెక్టు ముగియగానే శిక్షణ పొందినవారు చెదిరిపోతారు. చట్టంలో గుర్తింపు, బడ్జెట్‌లో పద్దు, ఈ రెండూ ప్రాజెక్టు కాలంలోనే సాధించేలా పని ప్రణాళిక రాయకపోతే పారాలీగల్స్‌ను సిఫారసు చేయకపోవడమే మేలు.

ఫోను, తెర, సమాచార కౌంటర్లు

ఇవి న్యాయ సహాయానికి తలుపు మాత్రమే. జపాన్‌లో 2006లో మొదలైన హోతెరాసు అనే న్యాయ సహాయ కేంద్రం ఫోనులో దారి చూపి అర్హులను న్యాయవాదికి పంపుతుంది. నెదర్లాండ్స్‌లో సమాచార కౌంటర్లు అదే పని చేస్తాయి. అదే దేశంలో విడాకులు వంటి తగాదాలను ఆన్‌లైన్‌లోనే పరిష్కరించే రెఖ్ట్‌వైజర్ ఎంతో పేరు తెచ్చుకుని, తన ఖర్చు తాను రాబట్టుకోలేక 2017లో ఆగిపోయింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2016లో మొదలైన ఆన్‌లైన్ ట్రిబ్యునల్ మాత్రం నిలిచింది. అది ప్రభుత్వ న్యాయ వ్యవస్థలో భాగం, దాని తీర్పు అమలవుతుంది. ఒప్పందంలో యాప్ తయారీ ఉంటే, అది చెప్పినదాన్ని ఎవరు అమలు చేస్తారని ముందు అడగండి.

మరి ఏది?

కస్టడీలో హింస, బలవంతపు వాంగ్మూలాలు ప్రధాన సమస్య అయితే మొదటి రూపాయి డ్యూటీ న్యాయవాదుల మీద పెట్టమనండి. ఉక్రెయిన్ 2013 నుంచి అలాగే చేసింది. ఎవరినైనా అదుపులోకి తీసుకోగానే పోలీసులు రాత్రీ పగలూ తెరిచి ఉండే న్యాయ సహాయ కేంద్రానికి తెలపాలి, కేంద్రం న్యాయవాదిని పంపుతుంది. అక్కడ న్యాయవాదులు జీతగాళ్లు కారు, ప్రైవేటువారే. పంపే కేంద్రం మాత్రం ప్రభుత్వానిది. సమస్య కిక్కిరిసిన రిమాండు జైళ్లయితే పారాలీగల్స్, శిబిర కోర్టులు. నగరాల్లో పెద్ద కేసులైతే డిఫెండర్ కార్యాలయం, పట్టణాల్లో కేసులు పలచగా ఉంటే ప్యానెల్. భూమి, కుటుంబం, వేతనాల తగాదాలకు పారాలీగల్, వెనక న్యాయవాది. మిశ్రమ నమూనా అని ఒక్క ముక్కలో రాసి తప్పించుకునే నివేదికలు కొల్లలు. ఏ దశలో ఎవరి బాధ్యతో, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి ఫైలు ఎలా మారుతుందో రాయకపోతే అది సిఫారసు కాదు.

అర్హత సంగతి నివేదికల్లో ఎప్పుడూ చివరి పేజీకి పోతుంది, కానీ నమూనాను నిలబెట్టేదీ కూల్చేదీ అదే. ఆదాయ ధ్రువపత్రం అడిగితే, ఠాణాలో ఉన్నవాడు దాన్ని ఎక్కడి నుంచి తెస్తాడు? భారత చట్టంలోని 12వ సెక్షన్ మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా అర్హత ఇచ్చింది. కస్టడీలో ఉన్నవారికైనా ఈ పద్ధతి ఏ దేశానికైనా ధైర్యంగా సూచించవచ్చు.

ఇక పని ఒప్పుకునే ముందు. మూడు వారాల పర్యటనకు పిలిస్తే నమూనా సిఫారసు చేయననీ, పరిస్థితి మదింపు వరకే రాస్తాననీ చెప్పండి. ఆ సమయంలో చట్టాలు చదవగలరు, రాజధానిలో సమావేశాలకు హాజరు కాగలరు, అంతే. నమూనా ఎంపిక, ముసాయిదా కావాలంటే కొన్ని నెలల పని, అక్కడి న్యాయవాది ఒకరు సహ సలహాదారుగా, మీ పేరు పక్కన ఆ పేరుతో. రాజధాని బయట కనీసం రెండు జిల్లాల కోర్టులు, ఒక రిమాండు జైలు చూసే అనుమతి ఒప్పందంలోనే రాయించుకోండి. జైల్లో రిమాండు రిజిస్టరు తెరిపించి, అందరికన్నా పాత ప్రవేశ తేదీ ఉన్న ఖైదీ ఏ కేసులో ఉన్నాడో, ఆఖరిసారి కోర్టుకు ఎప్పుడు తీసుకెళ్లారో, న్యాయవాదిని ఎప్పుడైనా కలిశాడో అడగండి. ఆ అనుమతి ఇవ్వలేమంటే, ఆ ప్రభుత్వం మీ సలహా కోసం కాక మీ సంతకం కోసం పిలుస్తోందని అర్థం. అలాంటి పనిని మర్యాదగా వదులుకోవచ్చు.